క్లిప్పు కింది ప్రశ్న

నేను ఒక పరీక్ష అట్టను. నా సంగతి చెప్పే ముందు ఒక్క మాట: నేను తప్పు చేశాను. కథ విన్నాక కనిపెట్టుకోండి అని మిమ్మల్ని ఊరించను. ముందే ఒప్పుకుంటున్నాను. ఒప్పుకోవలసిన మనిషి ఏడాదిన్నర నోరు మూసుకు కూర్చున్నాడు కాబట్టి, అట్టముక్కనైన నేను మాట్లాడవలసి వచ్చింది.

నన్ను బెజవాడ వన్‌టౌన్‌లో ఒక రేకుల షెడ్డులో చేశారు. నొక్కిన అట్ట, దానిమీద గోధుమరంగు నిగారింపు కాగితం, నెత్తిన బెత్తెడు వెడల్పు ఇనప క్లిప్పు. తెనాలిలో నన్నపనేని భుజంగరావు అనే పదో తరగతి కుర్రాడు నన్ను కొని, వృత్తలేఖినితో నా వీపున పేరు చెక్కుకున్నాడు. సాంఘికశాస్త్రం పరీక్షనాడు చిన్న చీటీ మడిచి నా క్లిప్పు కింద పెట్టాడు. పర్యవేక్షకుడు వచ్చాడు, జేబులు తడిమాడు, చెప్పులు విప్పించాడు. క్లిప్పు ఎత్తి చూడలేదు. ఆ రోజు నేను గర్వపడ్డాను. నా పతనం అక్కడే మొదలైంది.

భుజంగరావు నన్ను పారెయ్యలేదు. అచ్చొచ్చిన అట్ట అని ఒహాయో దాకా మోసుకొచ్చాడు. అక్కడొక ఊళ్లో కిరాణా కొట్టు పెట్టాడు. గోంగూర పచ్చడి సీసాల పక్కన మేకుకి నన్ను వేలాడదీశాడు.

ఆ ఊళ్లో తెలుగువాళ్లకి ఒక సంఘం ఉంది. సంఘానికి రెండేళ్లకోసారి ఎన్నికలు. సముద్రాలు దాటి వచ్చినవాళ్లు రెండు ప్యానెళ్లుగా చీలి, ఎదురుపడితే మొహాలు తిప్పుకునేవాళ్లు. ఒక ప్యానెల్‌కి భుజంగరావు. రెండోదానికి వేమూరి సాంబశివుడు, ఇళ్లమ్మే ఏజెంటు. గెలవాలంటే సభ్యుల్ని చేర్పించాలి. ఆ పద్ధతి మీకూ తెలిసే ఉంటుంది: ఇంటిదగ్గరే వంద ఫారాలు ముందుగా నింపేసుకోవడం, పెళ్లిళ్లకీ బారసాలలకీ తీసుకెళ్లి సంతకాలు లాగడం. "నింపటం మా పని, గిలకటం మీ పని" అనేవాడు భుజంగరావు. ఎవడికి అర్హత ఉందో లేదో తర్వాత కమిటీ చూసుకుంటుంది. లేనివాడి పేరు కొట్టేస్తుంది. అంతే. ఎవడికీ నష్టం లేదు.

తర్వాత భుజంగరావుకి అమెరికా పౌరసత్వం వచ్చింది. రాగానే ఒక పార్టీలో చేరాడు. సాంబశివుడు ఆ పార్టీలో ఉంటే మనం ఈ పార్టీ, అంతకుమించిన సిద్ధాంతం ఏమీ లేదు. ఏ పార్టీ అని నన్నడక్కండి. చెబితే మీలో సగంమంది చదవడం ఆపేస్తారు, మిగతా సగం తప్పంతా ఆ పార్టీదేనని తేల్చుకుని హాయిగా నిద్రపోతారు. మీకు ఆ హాయి ఇవ్వడం నాకిష్టం లేదు.

పార్టీ అతనికి కొత్త ఓటర్ల నమోదు పని అప్పజెప్పింది. అతను అక్కడా సంఘం పద్ధతే నడిపాడు. ఇరవై ఫారాలు ముందేసుకుని, నువ్వు ఈ దేశ పౌరుడివా అన్న మొదటి ప్రశ్నకి అన్నింటిమీదా 'అవును' అని టిక్కు పెట్టేశాడు. టైము కలిసొస్తుందని. ఆ కట్ట నాకు తగిలించాడు. అమెరికా కాగితం మన కాగితం కన్నా పొట్టిది. నా క్లిప్పు బెత్తెడు. ఆ ప్రశ్న సరిగ్గా నా క్లిప్పు కింద పడింది.

అప్పుడొచ్చింది సలోమి. చీరాల మనిషి. అన్న పిటిషన్ వేస్తే పదమూడేళ్లు ఎదురుచూసి, గ్రీన్ కార్డు మీద వచ్చింది. వచ్చిన రెండేళ్లకే ఆ అన్న పోయాడు. వృద్ధుల ఆశ్రమం వంటింట్లో పని. పౌరసత్వం పరీక్షలో అడిగే వంద ప్రశ్నలూ చిన్న కాగితాలమీద రాసుకుని, కొట్లో బియ్యం బస్తా తూచేలోపు రెండు ప్రశ్నలు వల్లించుకునేది. రాజ్యాంగానికి సవరణలెన్నో భుజంగరావుకి తెలియదు. ఆమెకి తెలుసు. చీరాలలో అద్దెకిచ్చిన ఇళ్లు, పేరు తెలియగానే మూడుసార్లు ఖాళీ చేయించారట. "పొమ్మని ఎవరూ అనని చోటు ఒకటి కావాలన్నయ్యా" అంది ఒకసారి. ఇన్నేళ్లలో సంఘం సభ్యత్వానికి ఆమె పేరు భుజంగరావుకి ఒక్కసారీ గుర్తు రాలేదు. ఆ రోజు మాత్రం వచ్చింది.

"చెల్లెమ్మా, ఇటు రా. ఒక్క సంతకం."

"ఏంటన్నయ్యా ఇది?"

"ఓటర్ల లిస్టు. మనవాళ్ల లెక్క తేలాలి. లేకపోతే ఈ తెల్లోళ్లు మనల్ని పూచికపుల్లలాగా చూస్తారు."

"నాకింకా సిటిజన్‌షిప్ రాలేదుగా? పెట్టొచ్చా?"

"నిన్నెవరు ఓటెయ్యమన్నారిప్పుడు? పేరు చేరుద్ది, అంతే. అర్హత లేకపోతే వాళ్లే కొట్టేస్తారు. మన సంఘంలో కొట్టెయ్యట్లా?"

ఆమె ఒక్కక్షణం ఆగింది. ఫారం పైభాగం చూద్దామన్నట్టు బొటనవేలు నా క్లిప్పు అంచుమీద పెట్టింది. నా స్ప్రింగు బిగువు. వెనకాల బిల్లింగు కోసం నలుగురు నిలబడ్డారు. వేలు తీసేసి సంతకం పెట్టింది.

కొన్నాళ్లకి ఆమె ఇంటికి ఓటరుగా నమోదైనట్టు ఒక కార్డు వచ్చింది. ఆమె ఓటు వెయ్యలేదు. కార్డుని బైబిల్లో పెట్టుకుంది. మనవాళ్లు తన పేరు కూడా చేర్చారు అనుకుంది కాబోలు.

పౌరసత్వం ఇంటర్వ్యూనాడు అధికారి ముందు అంతా నిజమే చెబుతానని ప్రమాణం చేసింది. ఓటరుగా ఎప్పుడైనా నమోదయ్యావా అని ఆయన అడిగితే, బ్యాగులోంచి బైబిలు తీసి, కార్డు తీసి, తనే బల్లమీద పెట్టింది. అబద్ధం చెబితే దొరికేది కాదేమో. చెప్పలేదు. ఆయన మొహం మారిపోయింది. పౌరురాలు కాకుండా పౌరురాలినని రాసిచ్చావు అన్నాడు. పౌరసత్వం లేదు సరికదా, దేశం నుంచి ఎందుకు పంపెయ్యకూడదో చెప్పమని కోర్టు నోటీసు వచ్చింది.

నోటీసు పట్టుకుని ఆమె కొట్టుకే వచ్చింది. "అన్నయ్యా, ఆ టిక్కు నేను పెట్టలేదు, చూడను కూడా లేదు. నువ్వు పెట్టావని కాగితం మీద రాసివ్వు. లాయరమ్మ అదొక్కటే అడుగుతోంది."

భుజంగరావు అప్పుడు ఊరి కౌన్సిల్‌కి పోటీలో ఉన్నాడు. నా వీపున కూడా అతని ప్రచారం స్టిక్కరు అంటించి ఉంది. "ఎన్నికలు కానీ తల్లీ" అన్నాడు. ఎన్నికలయ్యాయి. ఓడిపోయాడు. "మా పార్టీ లాయరు వద్దంటున్నాడమ్మా, నామీదికొస్తుందట" అన్నాడు. సాంబశివుడు కూడా ఆమె ఇంటికి వెళ్లాడు. తమ పార్టీ సభలో వేదికెక్కి, అవతలి పార్టీ ఎలా మోసం చేసిందో చెప్పమన్నాడు. చెబితే నా కేసుకి మీ లాయరుని పెడతారా అని ఆమె అడిగితే, "అది వేరే సంగతమ్మా" అన్నాడు. ఒకడికి ఆమె కనపడకుండా ఉండాలి, ఇంకొకడికి కనపడాలి. ఆమె ఇక్కడ ఉండాలని మాత్రం ఇద్దరిలో ఎవడికీ లేదు. ఇదయ్యా మీ రాజకీయం!

ఆఖరికి ఆమె వచ్చి, "రాసివ్వకపోతే పోనీ. ఆ అట్టన్నా ఇవ్వు" అంది.

భుజంగరావుకి ప్రాణం లేచొచ్చింది. "అట్టేగా, తీసుకెళ్లు చెల్లెమ్మా" అన్నాడు. మేకు మీంచి నన్ను తీసి ఇచ్చేటప్పుడు ఆమె మొహం చూడలేదు. నన్నూ చూడలేదు.

కోర్టులో పార్టీ బొమ్మలు ఉండకూడదేమోనని ఆమె ఆశ్రమం వంటింట్లో వేణ్నీళ్లూ స్టీలు పీచూ పెట్టి, జాడీల లేబుళ్లు గోకినట్టు నా వీపు గోకింది. స్టిక్కరు ఊడింది. కింద నలభై ఏళ్లనాటి గీతలు బయటపడ్డాయి. చదువుకుంది. నోటీసు వచ్చాక ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే. "పేరు చెక్కుకునేటప్పుడు లేదే అన్నయ్యా నీకీ భయం" అంది.

విచారణ రోజు భుజంగరావు కూడా వచ్చాడు. తనగురించి ఏం చెబుతుందో వినిపోదామని, టోపీ కిందికి లాక్కుని ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. లాయరమ్మ ఆ ఫారం నకలు నాకు తగిలించి న్యాయమూర్తికి ఇచ్చింది. ఆవిడ నన్ను అటూ ఇటూ తిప్పింది. చదివింది. తర్వాత బొటనవేలు నా క్లిప్పు మీద పెట్టి గట్టిగా నొక్కింది. నా జన్మలో మొదటిసారి ఒకరు క్లిప్పు ఎత్తి కింద ఏముందో చూశారు.

ప్రభుత్వం తరఫు లాయరు లేచి, ఇలాంటి అట్ట ఎవరైనా ఎక్కడైనా కొనొచ్చు, ఇది ఫలానా వాళ్లదని రుజువేమిటి అన్నాడు. న్యాయమూర్తి నన్ను బోర్లించింది. "ఇవేం అక్షరాలు?" అని అనువాదకురాలిని అడిగింది.

ఆ అమ్మాయి కళ్లద్దాలు సర్దుకుని గట్టిగా చదివింది: "ఎన్. భుజంగరావు. పదో తరగతి, బి సెక్షన్."

సలోమి వెనక్కి తిరిగి చూడలేదు. ఆఖరి బెంచీ కిర్రుమంది. హాజరు పిలిస్తే లేచే కుర్రాడిలాగా, టోపీ చేత్తో పట్టుకుని, అతను లేచి నిలబడ్డాడు.

"టిక్కు నేనే పెట్టానండి" అన్నాడు. తెలుగులోనే అన్నాడు. అనువాదకురాలు ఇంగ్లీషులో చెప్పేదాకా కూర్చోలేదు.

తీర్పు ఇంకా రాలేదు. కోర్టు సామాన్ల గదిలో, అట్టపెట్టెలో, నంబరు చీటీ కట్టుకుని పడి ఉన్నాను. ఒక్క మాటతో అతని పాపం కడుక్కుపోయిందని నేననను. నాది అసలే పోలేదు. నా స్ప్రింగు బిగువుగా ఉన్నందుకు ఒకప్పుడు మురిసిపోయాను. ఇక్కడ పగలూ రాత్రీ నాకు గుర్తొచ్చేది ఒక్కటే: ఆ రోజు కొట్లో నా అంచుమీద ఆగిన ఆమె బొటనవేలు. వంటింటి వేడికి కాలిన మచ్చ ఉంది దానిమీద. నా స్ప్రింగు కొంచెం వదులయి ఉంటే చాలు, ఆమె చదువుకునేది.