అద్దం కింద తామరపువ్వు

ఆదోనిలో ఆ వీధివాళ్ళు జనవరి ఒకటో తేదీని పట్టించుకోవడం హెడ్మాస్టరు హనుమంతరావుగారి టేబులు మీదకి అద్దం వచ్చాకే మొదలైంది. అంతకు ముందు ఆ రోజున ఎవరింట్లోనైనా మారేది క్యాలెండరే. అద్దమంటూ వచ్చాక దాని కింద ఏదో ఒకటి పెట్టాలి కదా. ఆయన ముందు ఒక రైలు టైంటేబులు పెట్టారు. అది చూసి డ్రాయింగు మాస్టరు సేతుమాధవరావుకి జాలేసింది. దళసరి కాగితం మీద రెండు చిలకలు వేసి, కింద వంకర్లు తిరిగిన అక్షరాలతో శుభాకాంక్షలు రాసి తీసుకెళ్ళి ఇచ్చాడు. టైంటేబులు బయటికొచ్చింది, చిలకలు లోపలికెళ్ళాయి.

ఆ టేబులు ఇంటి ముందు గదిలో ఉండేది. వచ్చినవాళ్ళంతా దాని ముందే కూర్చోవాలి. అందుకని సేతుమాధవరావు రోజూ సాయంత్రం పేపరు చదివే వంకతో ఆ ఇంటికి వెళ్ళి, పేపరు వంక చూడకుండా చిలకల్ని చూసుకుని వచ్చేవాడు. ఏటా కొత్త చిలకలు. ఊళ్ళో తనకొక స్థానం ఉందని, ఆ స్థానం టేబులు కుడివైపు మూలనుందని ఆయన నమ్మకం.

ఎనభై మూడు జనవరిలో స్కూలు గుమాస్తా భీమరావు ఆ స్థానాన్ని లాగేశాడు.

భీమరావు తెచ్చిన కార్డు మీద గులాబీలున్నాయి. గీసినవి కావు, రబ్బరు స్టాంపుతో అద్దినవి. పువ్వు ఎర్ర సిరాలో, ఆకు పచ్చ సిరాలో, అన్నీ ఒకే కొలతలో చుట్టూ అంచులా ఉన్నాయి. హనుమంతరావుగారు కళ్ళజోడు ఎత్తి మరీ చూశారు.

"ఏమప్పా, ఇది ఇంట్లో చేసిందా?"

"ఇంట్లోనే సార్. స్టాంపులు మాత్రం బెంగుళూరువి" అన్నాడు భీమరావు, కళ్ళు సగం మూసి.

చిలకలు సొరుగులోకి పోయాయి. సేతుమాధవరావు చూస్తుండగానే పోయాయి.

మర్నాడు పొద్దున ఆయన బొరుగుల ఉగ్గాని ముట్టలేదు. పెళ్ళయినప్పటినుంచి ఉగ్గాని వద్దన్న మొగుణ్ణి ఆయన భార్య రమాబాయి చూడలేదు.

"కడుపులో బాగలేదా?"

"కడుపుకేమైంది, బాగానే ఉంది. నాకొకటి చెప్పు. పోస్టాఫీసులో వాడు దినమంతా ముద్రలు కొడతాండాడు. వాణ్ణి ఎవురన్నా ఆర్టిస్టు అంటారా?"

"అనరు."

"అదే నేననేది."

ఆ సంవత్సరమంతా అదే అన్నాడు. స్టాఫ్‌రూములో అన్నాడు, ఎమ్మిగనూరు బస్సులో పక్కనున్న ముక్కూమొహం తెలియనివాడితోనూ అన్నాడు. డిసెంబరు వచ్చేసరికి ఇక అనడానికి మనిషి మిగల్లేదు. అప్పుడు తనే ఒక స్టాంపు చేద్దామనుకున్నాడు.

పువ్వుకి ఇబ్బంది లేదు. రమాబాయి ఎమ్మిగనూరు చీర అంచులో చక్కటి తామరపువ్వుంది, దాన్నే ట్రేసింగు కాగితం మీదకి దించాడు. రబ్బరు దగ్గరే చిక్కొచ్చింది. పెన్సిలు రబ్బరు చాలదు. సైకిలు టైరు మీద గీతలుంటాయి. అలా ఆలోచిస్తూ వాకిట్లోకి వచ్చాడు. గడప పక్కన రమాబాయి హవాయి చెప్పులున్నాయి. ఎమ్మిగనూరు జాతరలో కొన్నవి. కోసిగిలో పెళ్ళికి ఒకసారి తొడుక్కుంది, అంతే. పైన తెలుపు, కింద నీలం, మడమ దగ్గర మంచి మందం.

మడి ఆచారాలున్న ఇల్లు. చెప్పు గడప దాటి లోపలికి రాకూడదు. సేతుమాధవరావు బ్లేడుతో మడమ ముక్క కోసి, మిగతాది పెరట్లో పూడ్చి, ముక్కను మాత్రం లోపలికి తెచ్చుకున్నాడు. లోపలికి వచ్చింది చెప్పు కాదు, రబ్బరు. దాని మీద తామరపువ్వు చెక్కి, వెనక విరిగిన మంచంకోడు ముక్క అంటించాక అది రబ్బరు కూడా కాదు, కళ.

"ఒక చెప్పు కనపడలేదు" అంది రమాబాయి.

"కుక్క ఎత్తుకపోయింటుంది. నల్లది ఒకటి తిరుగుతాంది" అన్నాడు.

"దాని నోరు పడిపోను."

"పడిపోవాల్సిందే" అన్నాడు సేతుమాధవరావు.

ఎనభై నాలుగు జనవరి ఒకటిన ఆయన కార్డు తీసుకుని వెళ్ళేసరికి భీమరావు అప్పటికే అక్కడ పేపరు చదువుతున్నాడు. అద్దం కింద అతని కొత్త బంతిపూల కార్డు వెచ్చగా ఉంది. సేతుమాధవరావు తన కార్డును అద్దం పైన, సరిగ్గా దాని పక్కకొచ్చేలా పెట్టాడు. కార్డు మధ్యలో ఒకే ఒక్క తామర, రేకు రేకూ విడిగా. భీమరావు పేపరు ఆ పేజీ దగ్గరే ఆగిపోయింది.

హనుమంతరావుగారు భార్యను పిలిచారు. తులసీబాయి పూజ మధ్యలోంచి మడిచీరతోనే వచ్చి చూసింది.

"లక్ష్మీదేవి కూసునే పద్మం మాదిరే ఉంది కదండీ" అంటూ కార్డును కళ్ళకద్దుకుంది. "దీన్ని అద్దం కింద పెట్టేది కాదు."

తీసుకెళ్ళి దేవుడి గూట్లో, సాలగ్రామం పక్కన పెట్టింది.

సేతుమాధవరావు కూర్చున్నచోటే రెండు ముక్కలైపోయాడు. ఒక ముక్క ఆ కళ్ళకద్దుకోవడం చూసి వణికింది. ఇంకో ముక్క అద్దం వంక చూసి ఏడ్చింది. దేవుడి గూటి దగ్గరికి తులసీబాయి తప్ప ఎవరు వెళతారు? తామరని దేవుళ్ళు చూస్తారు. వాళ్ళు ఆదోనిలో ఎవరికీ చెప్పరు. పేపరుకొచ్చిన వాళ్ళంతా ఇంకో సంవత్సరం చూసేది బంతిపూలే.

అంతటితో పోయినా బాగుండేది. హనుమంతరావుగారు చొక్కా పైగుండీ తీసి ఛాతీ మీద గోపీచందనం ముద్రలు చూపించారు. రోజూ స్నానం కాగానే శంఖం, చక్రం, పద్మం వేసుకునే ఇంటి మనిషి.

"మా ఇత్తడి పద్మం అరిగిపోయిందప్పా. చూడు, వడ మాదిరి పడతాంది. నీ స్టాంపు తెచ్చియ్యి, రేపటినుంచి దాంతోనే వేసుకుంటా."

"రబ్బరుది సార్" అన్నాడు సేతుమాధవరావు.

"రబ్బరుకి మైల యాడిదప్పా? అది చెట్టు పాలు."

సేతుమాధవరావుకి కళ్ళముందు రమాబాయి ఎడమ చెప్పు కనిపించింది. అది కోసిగి దుమ్ములో నడుచుకుంటూ వచ్చి హెడ్మాస్టరుగారి గుండెల మీద నిలబడింది. నిజం చెప్పేస్తే ఈ ఇంట్లోకి అడుగుపెట్టనివ్వరు. అద్దం సంగతి దేవుడెరుగు, పేపరు కూడా పోతుంది.

"స్టాంపు నాది కాదు సార్" అన్నాడు చివరికి. పుట్టి ఇంత చేదు మాట ఆయన ఎప్పుడూ అనలేదు. "భీమరావుది. అడిగి తెచ్చుకుని కొట్టినా."

భీమరావు పేపరు దించాడు. సేతుమాధవరావు వంక ఒకసారి, దేవుడి గది వంక ఒకసారి చూశాడు.

"ఔను సార్. నాదే" అన్నాడు, రెప్ప వేయకుండా.

"బెంగుళూరుదా?"

"బెంగుళూరుదే సార్."

"చూసినావా, ఒక మాట చెప్పుకోడు" అన్నారు హనుమంతరావుగారు భార్యతో. తులసీబాయి భీమరావుకి కొబ్బరిచిప్ప, రెండు అరటిపండ్లు తెచ్చి ఇచ్చింది. అద్దం కింద భీమరావు, దేవుడి గూట్లో భీమరావు. సేతుమాధవరావు చేతిలో పేపరు.

"అయితే నువ్వే తెచ్చియ్యప్పా" అన్నారు హెడ్మాస్టరు భీమరావుతో.

భీమరావు చేతిలో కొబ్బరిచిప్ప వంగింది.

"వద్దు సార్. స్టాంపు రబ్బరు ఒంటికి పడదు. దద్దుర్లొస్తాయి. మీకు ఇత్తడిదే కొత్తది చేపిస్తా."

హెడ్మాస్టరు టీ తెమ్మంటే పాలు పిండుకొచ్చే రకం భీమరావు. అటువంటివాడు వద్దు అన్నాడు. వీధిలో నడుస్తున్నంతసేపూ సేతుమాధవరావుకి ఆ ముక్క అరగలేదు. దద్దుర్ల మీద అంత శ్రద్ధ ఎందుకు?

మలుపులో భీమరావు భార్య కమలాబాయి ఎదురైంది, కూరల సంచితో, ఉత్త కాళ్ళతో.

"ఏంమ్మా, చెప్పుల్లేకుండా?"

"ఏం చెప్పేదిన్నా. పోయినేడు ఒక జత పోయ, ఈయేడు ఒక జత పోయ. కుక్క ఎత్తుకపోతాందంట."

"ఎట్లాంటి కుక్క?"

"నల్లదంట. మా ఇంటాయన చూసినాడంట."

సేతుమాధవరావు నడి వీధిలో నిలబడిపోయాడు. బెంగుళూరు ఎక్కడుందో ఇప్పుడు తెలిసింది. ఆయనకి నవ్వు రావాలి, రాలేదు. జత, అనుకున్నాడు. ఏడాదికొక జత. పువ్వుకొక కాలు, ఆకుకొక కాలు. అందుకే వాడిది రెండు రంగుల్లో పడుతోంది. తనేమో ఒక్క మడమతో సరిపెట్టుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి రమాబాయి పంచలో కూర్చుని బియ్యం ఏరుతోంది. మిగిలిన ఒక్క చెప్పును కుక్కకి అందకుండా చూరులో ఎత్తున దోపి పెట్టింది.

"ఆ స్టూలు యాడుంది?" అని అడిగాడు సేతుమాధవరావు.