తుంటిలో కూర్చున్న మనిషి

ఈ ఉదయం నుంచి నా ఎడమకాలు పదకొండు కిలోమీటర్ల పొడవుంది. తుంటి మంచం మీదే ఉంది. మడమ మాత్రం స్పిన్నింగ్ మిల్లు గేటు దగ్గర ఉంది. అక్కడ ఎవరో దాని మీదుగా సైకిలు తోస్తే నాకిక్కడ తెలుస్తుంది.

నేను బస్సు డ్రైవర్ని. ఇరవై ఆరేళ్లుగా క్లచ్ తొక్కిన కాలిది. పిరుదు మధ్యలో నొప్పి మొదలై, తొడ వెనకగా, పిక్క మీదుగా మడమ దాకా మంటలా దిగుతుంది. నిలబడితే కాస్త నయం. కూర్చుంటే పది నిమిషాలకే మళ్లీ మొదలు.

కాలును చాపలా చుట్టి చంకన పెట్టుకుని ఆసుపత్రికి వెళతాను. వరుసలో నా వెనకున్నాయన, నా కాలి చుట్ట పెద్దదిగా ఉందని కొంచెం జరిగి చోటిస్తాడు.

అక్కడ ఫిజియోథెరపిస్టు పేరు మెహరున్నీసా. ముప్పై ఏళ్లుంటాయి. నా వెన్ను స్కాను వెలుతురుకి పెట్టి చూసి, డిస్కులన్నీ బాగున్నాయంటుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఎడమ మోకాలు మడిచి మంచం అంచు వైపు కిందికి నొక్కుతుంది. మడమ దాకా మెరుపు పోతుంది. తరువాత పిరుదు మధ్యలో బొటనవేలు ఆనిస్తుంది. అదే మెరుపు.

"వెన్నులో ఏం లేదు బాబాయ్. పిరుదు లోపల పిరిఫార్మిస్ అని చిన్న కండ ఉంటది. కాల్లోకి పోయే పెద్ద నరం దాని కిందుగా పోతది. ఆ కండ బిగుసుకుపోయి నరాన్ని నొక్కుతోంది."

ఎందుకు బిగుసుకుందని అడుగుతాను. ఆమె చల్లటి జెల్లు రాసి, అల్ట్రాసౌండు తెర నా వైపు తిప్పుతుంది.

"మనిషి కూర్చుని ఉంది," అంటుంది.

తెర మీద అంకమ్మ. నా భార్య. మూడేళ్ల కిందట కామెర్లతో పోయింది. కండ మీద మోకాళ్లు దగ్గరికి లాక్కుని, క్యారేజీ ఒళ్లో పెట్టుకుని, ముందుకు చూస్తూ కూర్చుని ఉంది.

నాకు ఆశ్చర్యమేమీ లేదు. అంకమ్మ స్పిన్నింగ్ మిల్లులో పనిచేసేది. రోజూ నా బస్సే ఎక్కి, నా పక్కన ఇంజను బానెట్టు మీద కూర్చునేది. ఇంట్లో నేనున్నప్పుడు తనుండేది కాదు, తనున్నప్పుడు నేనుండేవాణ్ణి కాదు. మా కాపురమంతా ఆ పదకొండు కిలోమీటర్లలోనే జరిగింది.

మెహరున్నీసా వైద్యం చెబుతుంది. వెల్లకిలా పడుకుని, ఎడమ మడమ కుడి మోకాలి మీద వేసి, కుడి తొడను రెండు చేతులతో గుండెలకు లాక్కోవాలి. ముప్పై లెక్కపెట్టి వదలాలి. పూటకి మూడుసార్లు. అరగంటకు మించి కూర్చోకూడదు. ఆరు వారాల్లో తగ్గకపోతే ఇంజెక్షను.

"తగ్గితే ఆమె ఏమవుద్ది?" అని అడుగుతాను.

"కండ వదులైతే కూర్చోడానికి పట్టుండదు బాబాయ్. దిగాల్సిందే."

ఇంటికొచ్చి కాలి చుట్ట విప్పితే మడమ మళ్లీ మిల్లు గేటు చేరుతుంది. నాలుగు రోజులు నేను వ్యాయామం చేయను. కావాలనే చెక్కపీట మీద గంటలు గంటలు కూర్చుంటాను. కళ్లలో నీళ్లు తిరుగుతాయి, అయినా లేవను. ఐదో రోజుకి కాలివేళ్లు మొద్దుబారతాయి. అప్పుడు తుంటిలోంచి ఆమె గొంతు వినపడుతుంది.

"ఎన్నాళ్లని కూర్చోబెడతావయ్యా? నాక్కూడా నడుం లాగతంది."

ఆమెకూ నొప్పి ఉంటుందని నాకు తట్టనే లేదు.

ఆ పూటే నేల మీద దుప్పటి పరుస్తాను. మొదటి వారానికి మడమ మిల్లు గేటు వదిలి రెండు స్టాపులు ఇటు వస్తుంది. మూడో వారానికి ఊరి చివర పెట్రోలు బంకు చేరుతుంది. నొప్పి కూడా పిక్క వదిలి తొడలోకి వస్తుంది. అలా పైకి రావడం మంచి గుర్తని మెహరున్నీసా అంటుంది. తొడ లాక్కున్న ప్రతిసారీ అంకమ్మకి ఏదో ఒకటి చెబుతాను. మిల్లు మూసేశారని, కొత్త బస్సుల్లో ఇంజను వెనక్కి పోయిందని, డ్రైవరు పక్కన బానెట్టే లేదని. ఆమె ఊఁ కొడుతుంది. ఒక్కోసారి కావాలనే లెక్క తప్పి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాను.

ఐదో వారం మంగళవారం, లెక్క ఇరవై రెండు దగ్గర ఉండగా, తుంటిలో ఏదో మెత్తబడుతుంది.

"ఆపు," అంటుంది అంకమ్మ, బస్సులో అన్నట్టే.

కదలకుండా పడుకుంటాను. ఆమె కుచ్చిళ్లు పట్టుకుని దిగుతుంది.

"తిన్నావా?" అని అడుగుతాను.

"నువ్వు తిను," అంటుంది. వెనక్కి చూడదు.

ఇప్పుడు కాలు కాలంతే ఉంది. తుంటిలో ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. అక్కడ నొప్పి లేదు. చేత్తో నొక్కి వెతుకుతాను. ఎక్కడా లేదు.

తరువాతి వారం డ్యూటీకి వెళతాను. మధ్యాహ్నం, స్టాపు లేని చోట, కృష్ణానది చెయ్యెత్తి నిలబడి ఉంది. బస్సు ఆపుతాను. మెట్లెక్కి వచ్చి, తల పైకప్పుకు తగలకుండా వంగి నిలబడుతుంది. జనం తడవకుండా కాళ్లు సీట్ల మీదికి ఎత్తుకుంటారు. సీటుంది, కూర్చోమంటాను. తనకు కూర్చోవడం రాదంటుంది. సముద్రం ఏ స్టాపని అడుగుతుంది. నాకూ తెలియదని, దిగాల్సిన చోట "ఆపు" అనమని చెప్పి గేరు వేస్తాను. ఆమె నీళ్లలోని చేపలు ఒక్కొక్కటే కిటికీల దగ్గరికి వచ్చి, అద్దాలకు మొహాలు ఆనించి, రోడ్డు పక్క కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఎరుపుని చూస్తుంటాయి.