ఎడమ వైపు పంపు

మిల్లుల్లో వ్యాగన్లు లాగిన పాత ఆవిరి ఇంజన్ల ఫొటోలు చూసి ఏది ఏ మిల్లుదో చెప్పడం నాకు పిచ్చి. ధర్మవరంలో ఫిట్టరుగా రిటైరయ్యాక ఆ పిచ్చి ఇంకా ముదిరింది. ఎవరైనా తప్పు చెబితే ఫోన్లోనే పోట్లాటకు దిగుతాను. ఆ మిడిసిపాటే మొన్న ఒక మనిషి గుండె కోసింది.

ఆమె పేరు రోషన్‌బీ. డెబ్బై దాటాయి. పెనుకొండ నుంచి కూతురు షహీన్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. ప్లాస్టిక్ కవర్లోంచి ఒక ఫొటో తీసి నా ముందు పెట్టింది. చిన్న ఇంజను, దాని ముందు ముగ్గురు మనుషులు. చివరి మనిషికి ముఖం లేదు. అక్కడ కాగితం గీరుకుపోయి తెల్లగా ఉంది.

“ఏమప్పా రామన్నా, ఇది యాడి ఇంజనో చెప్పు. మా నాయన దీంట్లో బొగ్గేసేవాడంట. నేను మూడు నెల్ల బిడ్డప్పుడే పాయె. నాకు ఆరేండ్లప్పుడు అమ్మా పాయె. ఆమె పెట్టెలో దొరికిందీ ఫొటో. ఈ నడిమాయనే మా నాయన. వ్యాగన్లు తగిలిచ్చేటప్పుడు ఎడమ చేతి వేళ్లు రెండు పోయినాయని అమ్మ చెప్పేది. చూడు, ఆ చెయ్యి వెనక్కి దాచుకున్యాడు. ఆ మిల్లు యాడుండాదో తెలిస్తే, ఒకసారి పోయి నిలబడి వస్తా.”

వేళ్ల మాట నా చెవికెక్కలేదు. నా కళ్లు ఇంజను మీదే ఉన్నాయి. ఆరు చక్రాలు, బాయిలర్ మీద జీనులా కూర్చున్న నీళ్ల ట్యాంకు, పొట్టి పొగగొట్టం. హిందూపురం దగ్గర మూతపడిన మిల్లుది. పనిలో చేరిన కొత్తలో రెండేళ్లు దానికి నేనే నట్లు బిగించాను. అయినా ఏదో తేడా కొట్టింది. ఎదురుగా నిలబడితే బాయిలర్‌లోకి నీళ్లు తోడే పంపు మన ఎడమ వైపు ఉండాలి. ఫొటోలో కుడి వైపు ఉంది. చొక్కాలు చూశాను. జేబులు కూడా ముగ్గురికీ కుడి రొమ్ము మీదే ఉన్నాయి.

“దొరికింది!” అని కేకేశాను. “అక్కా, ఈ ఫొటో తిరగబడింది. నెగటివ్ తిరగేసి కడిగినారు. చూపిస్తా ఉండు” అని గోడ మీది అద్దం దించి ఫొటోకు ఎదురుగా పట్టాను.

ఆమె అద్దంలోకి చాలాసేపు చూసింది. తర్వాత ముఖం లేని మనిషి చేతి మీద వేలు పెట్టింది.

“ఈయప్పకు కుడి చేతికి రెండు వేళ్లు లేవనుకుంటాంటి. ఇది ఎడమదా?”

“ఎడమదే” అన్నాను. అన్నాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు.

“ఈ మొండి చెయ్యి చూస్తే చిన్నప్పుడు నాకు భయం. మా నాయన పక్కన వీడెందుకని, ముఖమంతా గోటితో గీకేస్తి.”

షహీన్ వచ్చి తల్లి భుజం పట్టుకుంది. నాకు సిగ్గేసింది. మిల్లు పేరొక్కటే చెప్పి పంపి ఉంటే, ఆమెకు ఆ నడిమాయనైనా మిగిలేవాడు.

“ఇంజన్లయితే ఇన్ని గుర్తుపడతావు కదప్పా. ఈ ముఖం ఎట్లుండేదో చెప్పు” అంది రోషన్‌బీ.

భూతద్దం పెట్టి వెతికాను. కళ్లు లేవు, ముక్కు లేదు. ఆమె గోరు తగలని చోటు ఒక్కటే కనిపించింది.

“ఒక చెవి ఉండాదక్కా” అన్నాను.

ఆమె తల మీది కొంగు కిందికి చెయ్యి పోనిచ్చి, తన చెవి తడుముకుంది.