కుడివైపు నిక్షేపం

గొడుగు కమ్మి ఒకటి పళ్ళ మధ్య బిగించి, ఇంకోదాన్ని పట్టకారుతో వంచుతూ, చొక్కా విప్పుకుని ముక్కాలిపీట మీద కూర్చున్నాడు గొడుగుల మేస్త్రి. వెనకాల నిలబడి ఆయన వీపు మీద వేళ్ళతో తట్టుతోంది ఒక అమ్మాయి. ఆయన నోట్లోంచి కమ్మి తీసి పక్కన పెట్టాడు.

"అది తట్టడమా తల్లీ, తలుపు బాదడమా? మణికట్టు ఆడాలి. వేలు పడీ పడగానే లేచిపోవాలి. ముందు ఆ చేతులు కాస్త రుద్దుకుని రా, మంచుముక్కల్లా ఉన్నాయి."

అమ్మాయి చేతులు రుద్దుకుంది. మళ్ళీ తట్టింది. ఈసారి ఎడమవైపు, నిండు బస్తా మీద తట్టినట్టు, బరువుగా మోగింది.

"ఆఁ, అదీ!" అన్నాడు మేస్త్రి.

పెద్దాసుపత్రి గోడకి ఆనుకుని ఉన్న కొట్టు అది. మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. పైనుంచి గొడుగులు వేలాడుతుంటాయి, కింద డబ్బాల్లో కమ్మీలు, పిడులు, బొత్తాలు. వానాకాలం వస్తే ఆయనకి తల గోక్కునే తీరిక ఉండదు. కానీ అంతకు మించిన గిరాకీ ఏటా ఒక నెల ఉంటుంది, అది వైద్య విద్యార్థుల ఆఖరి పరీక్షల నెల. ఎందుకంటే మేస్త్రికి ఎడమ ఊపిరితిత్తి లేదు.

ఇరవై మూడో ఏట నిచ్చెనలెక్కి గోడలకి రంగులేసే రోజుల్లో జబ్బు చేసి, ఆ ఊపిరితిత్తి కాస్తా పాడైపోతే, కోసి తీసేశారు. ముప్పై ఒక్క ఏళ్ళయింది. ఎడమ భుజం కిందికి జారింది, ఛాతీ అటువైపు చప్పబడింది, గొంతు దగ్గర గాలిగొట్టం ఎడమకి ఒరిగింది. రెక్క ఎముక కిందినుంచి చంక దాకా గొడుగు పిడిలా వంపు తిరిగిన మచ్చ. ఇక నిచ్చెనలు వద్దన్నారు గనక కూర్చుని చేసే పని వెతుక్కున్నాడు. వెతుక్కున్న పని బాగానే అబ్బింది, పెళ్ళీ అయింది. "ఒక్కదాంతోనే ఇంత వాగుతున్నావు, రెండూ ఉంటే నేను బతికేదాన్నా?" అంటుంది ఆయన భార్య.

పంతొమ్మిదేళ్ళుగా ఆయన పరీక్షల్లో కేసు. అంటే, పరీక్ష రోజున ఆసుపత్రి హాల్లో వరసగా మంచాలు వేసి రోగుల్ని పడుకోబెడతారు. విద్యార్థి వచ్చి చూసి, తాకి, తట్టి, విని, ఏం జబ్బో పరీక్షకుల ముందు చెప్పాలి. పిల్లలు ఆయన్ని ఒంటిరెక్క బాబాయ్ అంటారు. పరీక్షల ముందు కొట్టు దగ్గరికొచ్చి ఆయన మీదే సాధన చేస్తారు. ఆయన కాదనడు. పైగా తప్పులు దిద్దుతాడు. ఎంతమంది డాక్టర్లు ఆయన వీపు మీద తట్టి పైకొచ్చారో లెక్కలేదు. వాళ్ళలో కొందరు ఇప్పుడు కార్ల అద్దాలు దించి మరీ పలకరిస్తారు, ఆయనకి అదో గర్వం.

ఈ అమ్మాయిది మాత్రం వేరే కథ. మిగతా పిల్లలు ఈమెకి పెట్టిన పేరు మూడోసారమ్మ. పుస్తకం మొత్తం నోటికి వచ్చు. ఊపిరితిత్తుల జబ్బులేమిటీ అంటే చాలు, దుమ్ము వల్ల వచ్చేవి, పొగ వల్ల వచ్చేవి, పావురాల రెట్టల వల్ల వచ్చేవి, గుక్క తిప్పుకోకుండా గడగడా చెప్పేస్తుంది. కానీ స్టెతస్కోపు పెట్టిందా, అందులోనూ పుస్తకమే వినబడుతుంది. పోయినేడు పరీక్షలో ఈ మేస్త్రే ఆమెకి కేసుగా పడ్డాడు. సైగ చెయ్యడానికి ఆయన ఎడమ చెవి గోక్కుని గోక్కుని ఎర్రబడేలా చేసుకున్నా, "రెండువైపులా గాలి చక్కగా ఆడుతోంది సార్" అని చెప్పింది. పరీక్షకులు పకపకా నవ్వారు. ఈసారీ తప్పితే చదువు మానేసి వాళ్ళ నాన్న బట్టల కొట్టులో కూర్చుంటానని ఇంట్లో చెప్పేసింది. ఇవాళ పదకొండింటికే పరీక్ష.

"ఇప్పుడు విని చెప్పు. ఎడమపక్క ఏం వినబడుతోంది?"

"శ్వాస శబ్దాలు తగ్గాయి బాబాయ్."

"తగ్గాయా?"

అమ్మాయి మళ్ళీ వింది. కళ్ళు మూసుకుని వింది. "అసలు లేవు."

"హమ్మయ్య! ముప్పై ఒక్క ఏళ్ళ కిందట తీసి పారేసింది, నీకివాళ్టికి వినబడకుండా పోయింది."

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వు మధ్యలో ఆయనకి దగ్గొచ్చింది, కాస్త గట్టిగానే వచ్చింది. అన్నం క్యారేజీ తెచ్చిన భార్య గుమ్మంలో నిలబడి చూసింది.

"వారం నుంచీ చూస్తున్నాను. ఏంటయ్యా ఆ దగ్గు?"

"పాత గొడుగులే, దుమ్ము. నీకన్నీ అనుమానాలే."

అమ్మాయి స్టెతస్కోపు కుడివైపుకి జరపబోయింది. అంతలో తిరగబడ్డ గొడుగు పట్టుకుని ఒకావిడ వచ్చి నిలబడింది. మేస్త్రి గబగబా చొక్కా తొడుక్కున్నాడు. "కుడివైపు వినక్కర్లేదులే తల్లీ. నిక్షేపం. ఏటా అంతే. ఆ సంగతి రెండు ముక్కల్లో చెప్పేసి ఊరుకో" అన్నాడు.

నిజానికి అందరూ చేసేదీ అదే. పంతొమ్మిదేళ్ళ కిందట ఎవరో ఆయన్ని నిదానంగా పరీక్షించి కాగితం రాశారు. ఆ తర్వాత ఏటా ఒక కుర్ర డాక్టరు పాత కాగితం చూసి కొత్త కాగితం మీద ఎక్కిస్తాడు. ఎడమ లేదు, కుడి బాగుంది. ఊరందరికీ తెలిసిన కేసుని మళ్ళీ వినేదేముంది?

పదిన్నరకి కొట్టు తలుపు దగ్గరగా వేసి ఆసుపత్రి మెట్లెక్కాడు. ఎప్పుడూ ఒకచోట ఆగేవాడు, ఇవాళ మూడుచోట్ల ఆగాడు. "ఈ మెట్లు ఎప్పుడు పెంచారయ్యా?" అని కాపలావాడితో వేళాకోళమాడాడు. ఏడో నంబరు మంచం ఎక్కి, దుప్పటి సర్దుకుని, ఆ అమ్మాయికే తను కేసుగా పడాలని గట్టిగా కోరుకున్నాడు.

ఆమే వచ్చింది. ఆయన్ని చూడగానే మొహం పాలిపోయింది, పోయినేటి నవ్వు గుర్తొచ్చినట్టుంది. అయినా చేతులు రుద్దుకుంది. చూసింది, తాకింది, తట్టింది. ఎడమవైపు విని తల ఊపుకుంది. కుడివైపు పైన విని, మధ్యలో విని, అడుగున ఆగింది. ఆగిందల్లా కదలదే! "గట్టిగా పీల్చండి" అంది. మళ్ళీ "ఇంకోసారి" అంది. మేస్త్రికి కంగారు పుట్టింది. లేని చోట విన్న పిల్ల, ఉన్న చోట ఏం వింటోందో!

పరీక్షకులు ఇద్దరు వచ్చి నిలబడ్డారు. ఒకరు బయటినుంచి వచ్చిన పెద్దాయన, ఇంకొకరు ఈ ఆసుపత్రి డాక్టరు. అమ్మాయి ఎడమ సంగతి తడబడకుండా చెప్పింది. మేస్త్రి ప్రాణం లేచొచ్చింది. ఇక రెండు ముక్కలే మిగిలాయి.

"కుడివైపు?" అన్నాడు పెద్దాయన.

అమ్మాయి మేస్త్రి వైపు చూసింది. ఆయన కళ్ళతోనే చెప్పేస్తున్నాడు.

"కుడివైపు అడుగున గాలి పీల్చినప్పుడు చిటపటలు వినబడుతున్నాయి సార్."

ఈ ఆసుపత్రి డాక్టరు చేతిలో కాగితం చూసుకుని కనుబొమలు ముడిచాడు. మేస్త్రి చెవి గోక్కున్నాడు, గొంతు సవరించుకున్నాడు, ఇక ఆగలేక నోరు జారాడు. "అమ్మాయీ, కుడి బాగానే ఉంటుంది! సరిగ్గా విను!"

"మీరు మాట్లాడకూడదు" అన్నాడు పెద్దాయన. అమ్మాయి వైపు తిరిగాడు. "కాగితంలో బాగుందని రాసి ఉంది. రోగీ అదే అంటున్నాడు. మీ మాట మార్చుకుంటారా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "నాకు వినబడింది సార్. నేను మార్చుకోను."

పెద్దాయన తన స్టెతస్కోపు తీసి వంగాడు. చాలాసేపు విన్నాడు. దగ్గమని, పీల్చమని, మళ్ళీ విన్నాడు. రెండో ఆయన్ని పిలిచి వినిపించాడు. పెద్దాయన మేస్త్రి మణికట్టు పట్టుకుని గడియారం చూసుకుంటూ, "ఎన్నాళ్ళయింది దగ్గు?" అని మెల్లగా అడిగాడు. తర్వాత అమ్మాయితో, "మీరు వెళ్ళి కూర్చోండి డాక్టర్" అన్నాడు.

డాక్టర్ అన్నాడు! మేస్త్రి చెవిన ఆ మాట పడింది, ఇంకేమీ పడలేదు. ఉన్న ఒక్కదానికీ నెమ్ము చేసిందనీ, ఇంటికి పోవడానికి లేదనీ వాళ్ళు చెబుతుంటే తల ఊపుతూనే, "అయితే పాసేనాండీ?" అని అడిగాడు. తన సంగతి తనకి అర్థం కాక కాదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒంటి ఊపిరితో బతికినవాడికి ఆ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. భయం వేసింది. కానీ సంతోషం దానికన్నా ముందే వచ్చి కూర్చుంది, ఏం చేస్తాడు?

చక్రాల కుర్చీలో వార్డుకి తీసుకుపోయారు. మంచం దగ్గరికే ఎక్స్‌రే బండి తోసుకొచ్చి, చొక్కా కూడా విప్పించకుండా హడావుడిగా ఫిల్ము తీశారు. సాయంత్రం భార్య వచ్చి, ఏడ్చి, తిట్టి, మళ్ళీ ఏడ్చింది.

"ఏడుస్తావేంటే పిచ్చిదానా. ఇన్నేళ్ళూ ఎవరూ వినలేదు. ఆ పిల్ల విన్నది. నేనే వద్దన్నా వినలేదు చూడు, అదీ డాక్టరంటే!"

మందులెక్కించారు, గాలి పెట్టారు. అమ్మాయి రోజూ వచ్చి కుడివైపు వినేది. ఆమె మొహం చూసి ఆయనే, "ఎడమపక్క ఎలా ఉంది తల్లీ? మొలిచిందా?" అని నవ్వించేవాడు. మూడో రోజుకి ఆ మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. నాలుగో రోజు మధ్యాహ్నం, భోజనాల బండి వార్డులోకి వచ్చే వేళకి, పక్క మంచం ఆయనతో ఏదో చెబుతూ చెబుతూ మేస్త్రి పోయాడు. ఆ అమ్మాయి అప్పుడు వార్డు చివర్న ఉంది. పరుగెత్తుకొచ్చి, స్టెతస్కోపు పెట్టి, ఏమీ వినబడదని తెలిసీ చాలాసేపు విన్నది.

ఫిల్ము కావాలా అని అడిగితే భార్య ఒక్క క్షణం ఆలోచించి, "పిల్లలకి పనికొస్తుందిగా, ఉంచుకోండి" అంది. పాఠాల గదిలో దీపం వెలిగే పెట్టె మీద దాన్ని తగిలించారు. పరీక్షలకి చదువుకునే పిల్లలు దాని చుట్టూ మూగి, తెల్లగా నిండిపోయిన ఎడమవైపునీ, కుడివైపు అడుగున మబ్బు మరకనీ వేలితో చూపించుకుంటారు. మెడ పక్కన ఇంకో సన్నని తెల్లటి గీత ఉంటుంది, చొక్కా కాలరుకి గుచ్చుకుని తీయడం మరిచిపోయిన గొడుగుల సూది. దగ్గరికెళ్ళి చూస్తే దాని బెజ్జం కూడా కనిపిస్తుంది.