పన్నెండో నంబరు తలుపు

నేను ఒక లాకర్‌ను. నగలు దాచుకునే బ్యాంకు లాకర్‌ను కాదు. మెల్‌బోర్న్ పడమటి శివారులోని ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో, ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గదిలో నిలబడ్డ చెక్క బీరువాను. ఆ క్లబ్బంటే పడిచచ్చే ఒక వడ్రంగి నీలగిరి చెక్కతో నన్ను చేసి, నెత్తిన పన్నెండో నంబరు చెక్కాడు. ఆ నంబరు చొక్కా ఎవరిదైతే నేను వాళ్ల సొత్తు. నన్ను వాడుకున్నవాళ్ల పేర్లు నా తలుపు మీద వరసగా రాస్తారు.

వాళ్లాడేది మీరనుకునే ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. కాలితో తన్నవచ్చు, చేత్తో పట్టవచ్చు, ఎదుటివాడి భుజాల మీదికి ఎగిరి అందుకోవచ్చు. తలకు రక్షణేమీ ఉండదు. నా నంబరు వాళ్లందరూ డిఫెండర్లే. తమ గోలు ముందు కాపుండి, అవతలి జట్టులోకెల్లా గొప్ప ఆటగాణ్ణి గోల్ కొట్టనివ్వకుండా ఆపడం వాళ్ల పని. గోల్ కొట్టినవాణ్ణి భుజాల మీద మోసుకొస్తారు. ఆపినవాణ్ణి మోసుకురావడం నేనెప్పుడూ చూడలేదు.

నా మొదటి యజమాని లెస్ హారిగన్. ముందుపళ్లు ఆటలోనే పోయాయి. మైదానంలోకి వెళ్లేముందు కట్టుడు పళ్లు తీసి, గ్లాసులో వేసి నా పై అరలో పెట్టేవాడు. ఆ రోజుల్లో తలకు దెబ్బ తగిలి పడిపోతే ముక్కు దగ్గర ఘాటు మందు పెట్టి లేపేవారు. కాళ్లు నిలిస్తే చాలు, మళ్లీ ఆటలోకి తోసేవారు. లెస్ ఎన్నోసార్లు అలా వెళ్లాడు. జనం అతన్ని ధీరుడన్నారు.

తర్వాత ఎవరెవరో వచ్చారు, వెళ్లారు. చాలా ఏళ్లకు సాకేత్ కొమ్మినేని వచ్చాడు. గుడివాడ నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డ ఒక ట్రామ్ డ్రైవరు కొడుకు. ఆ దేశంలో పేరును సగానికి నరికి చివర ఓకారం తగిలిస్తే గాని స్నేహం కుదరదు. వారం తిరక్కముందే అతను ‘కొమ్మో’ అయిపోయాడు.

మొదటి ఆట రోజున కన్నవాళ్లే జట్టు చొక్కా అందించడం అక్కడి ఆనవాయితీ. వృద్ధాశ్రమంలో నర్సుగా చేసే తల్లి విజయకుమారి డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది. చొక్కాను అటూ ఇటూ తిప్పి చూసింది.

“దీనికి చేతులేవిరా?”

“ఉండవమ్మా. ఈ ఆటకింతే.”

“ఇంత చలిలోనా,” అంటూనే ఇచ్చింది.

ఆ మొదటి ఏడాది అతనికి నరకం. పేరున్న ఆటగాళ్లు అతని మీదుగా ఎగిరి బంతులు పట్టుకుపోయేవారు. నా ముందు కూర్చుని తువ్వాలు మొహం మీద కప్పుకునేవాడు. అయినా వదల్లేదు. ఎదుటివాడి మొహం కాక పాదాలు చూడటం నేర్చుకున్నాడు. పట్టలేని బంతిని పిడికిలితో కొట్టి దూరంగా పంపడం నేర్చుకున్నాడు. వేళ్లు విరిగాయి, భుజం జారింది. మెల్లగా అతనంటే గోల్ కొట్టేవాళ్లు భయపడే రోజులొచ్చాయి. రెండుసార్లు తలకు బలమైన దెబ్బలు తగిలాయి. కొన్ని వారాలు ఆపి, మళ్లీ ఆడించారు.

ఒక శనివారం పాత ఆటగాళ్లందరినీ పిలిచారు. లెస్‌ను అతని భార్య మోరీన్ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అతను భార్య పేరు మరిచిపోయాడు గాని నన్ను మరవలేదు. నేరుగా వచ్చి నా తలుపు తీశాడు.

“నా బూట్లేవి? ఆట మొదలవుతోంది.”

సాకేత్ మోకాళ్ల మీద కూర్చుని, లెస్ వేసుకొచ్చిన బూటుకు ఊడిన లేసు కట్టాడు.

“ఇవాళ మీకు విశ్రాంతి, లెస్. మీ చోట నేను ఆడుతున్నాను.”

లెస్ అతన్ని తేరిపార చూశాడు. “నువ్వు ఆపాల్సినవాడు ఎడమ పక్కకి తిరుగుతాడు. జాగ్రత్త,” అన్నాడు. మోరీన్ గోడవైపు తిరిగి నిలబడింది.

ఆ ఏడే జట్టు సెమీఫైనల్ గెలిచింది. ఆట చివర్లో ఎవరిదో మోకాలు సాకేత్ కణతకు తగిలింది. వెంటనే లేచి పరుగెత్తాడు కాబట్టి ఎవరూ గమనించలేదు. గదిలోకి వస్తూనే, ఏళ్ల తరబడి నా తలుపు తీసినవాడు వెళ్లి పక్క లాకర్ తలుపు తీశాడు. అందులోని బట్టలు ఎవరివో అర్థంకాక అలాగే నిలబడ్డాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, నుదురు నా తలుపుకు ఆనించాడు. అతని ఊపిరి వేడిగా, గబగబా తగిలింది.

క్లబ్బు డాక్టరు అలవాటు ప్రకారం అందరినీ చూసుకుంటూ వచ్చాడు. ప్రశ్నలడిగాడు. సాకేత్ అన్నిటికీ సరిగ్గానే చెప్పాడు. డాక్టరు కదలబోయాడు.

“ఆగండి. ఇందాక నా లాకరేదో నాకు తెలియలేదు.”

“నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు,” అన్నాడు డాక్టరు. “చెప్పావు కాబట్టి ఫైనల్ ఆడనివ్వలేను.”

“తెలుసు.”

ఫైనల్లో అతని చోట ఇంకొకరు ఆడారు. ఒక్క గోలు తేడాతో ఓడిపోయారు. ఆ గోలు కొట్టింది సాకేత్ కాచుకోవలసిన మనిషే. గదిలో మగవాళ్లు తలలు వంచుకుని ఏడ్చారు. కెప్టెన్ బ్రెట్ వచ్చి సాకేత్ పక్కన కూలబడ్డాడు.

“నువ్వుంటే ఆ బంతి ఆగేది.”

“ఆగేదేమో.”

బ్రెట్ లేచి వెళ్లిపోలేదు.

తర్వాత పెద్ద డాక్టర్లు చూసి, ఇక ఆట వద్దన్నారు. లాకర్ ఖాళీ చేయడానికి తల్లితో వచ్చాడు. ఆమె వేళ్లకు కట్టుకునే టేపు చుట్టలు, తువ్వాళ్లు ఒక్కొక్కటే సంచిలో సర్దింది.

“బాధగా ఉందా నాన్నా?”

“ఉందమ్మా.” ఖాళీ అయిన అరను చేత్తో తడుముతూ అన్నాడు, “నేను బాగానే ఆడేవాణ్ణి కదా?”

“నాకేం తెలుసురా. నువ్వు పైకెగిరినప్పుడల్లా కళ్లు మూసుకునేదాన్ని. నీ ఆట సగమే చూశాను.”

అతను నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే కళ్లు తుడుచుకున్నాడు.

“మిగతా సగం దారిలో చెబుదువుగాని, పద,” అంది ఆమె సంచి భుజాన వేసుకుంటూ. “నీకన్నీ గుర్తున్నాయిగా.”

నా తలుపు మూసి ఇద్దరూ బయల్దేరారు. అతను మొట్టమొదటి ఆట నుంచి అందుకున్నాడు: ఆ రోజు వాన, గాలి ఎటు వీచింది, ఎదుట నిలిచినవాడి పేరేమిటి. ఆమె మధ్యమధ్య ఏదో అడుగుతోంది. వసారా మలుపు తిరిగేదాకా ఆ గొంతు నాకు వినిపిస్తూనే ఉంది.