మరిది తోలిన ఎరువు

పారలూ విత్తనాలూ అమ్ముకునేవాడికి ఏప్రిల్ పంట నెల. చలికాలమంతా షెడ్డుల్లో మూలపడిన పనిముట్లు ఒక్కసారిగా నా కొట్టుకి వస్తాయి. వాటి మీద సగం తుప్పు, సగం సంజాయిషీ.

ఆ ఏడు వెల్డా కెసింజర్ ఒక దోకుడుపార, నాలుగు పళ్ళ పార, కొమ్మల కత్తెర తెచ్చి బల్ల మీద పెట్టింది. చాలాకాలం బడి బస్సు నడిపి మానేసిన మనిషి. చర్చి వెనక ఖాళీ స్థలంలో కూరలు పండించి, శనివారాలు లేనివాళ్ళకి ఊరికే పంచుతుంది.

"ఈ మట్టి ఎప్పటిది?" అన్నాను.

"అక్టోబరుది."

"భద్రంగా దాచావు."

"దుంపలు తవ్వాక నడుం పట్టేసింది, ఓరెన్. మా ఆయనుంటే కడిగిపెట్టేవాడు. ఉపన్యాసం మాని పదును పెట్టు."

నేను పెట్టలేదు. ఆకురాయి ఆమె చేతికే ఇచ్చాను. పదును పెట్టించుకునేవాళ్ళు ఏడాదికోసారి వస్తారు. పెట్టుకోవడం నేర్చినవాళ్ళు తోట మానరు, తోట మాననివాళ్ళు విత్తనాలు కొంటూనే ఉంటారు. మట్టి గీకించాను, ఇనప బ్రష్‌తో తుప్పు రాలగొట్టించాను. దోకుడుపార అంచుకి ఒక పక్కనే, ముందుకి మాత్రమే ఆకురాయి పట్టమన్నాను. పిడికి గరుకు కాగితం, ఆ పైన అవిసె నూనె.

"నూనె గుడ్డ ఉండచుట్టి పడెయ్యకు. దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. కంచె మీద పరిచి ఆరెయ్."

"షెడ్లు తగలబెట్టే గుడ్డలు కూడా అమ్ముతున్నావన్నమాట."

"ఎరువు సంచులు ఎన్ని వెయ్యను?"

"ఒక్కటీ వద్దు. డెల్బర్ట్ శనివారం గుర్రపు లద్దె తోలుతున్నాడు. రెండేళ్ళు మాగిందట."

డెల్బర్ట్ ఆమె మరిది. చర్చి పెద్దలు ముగ్గుర్లో ఒకడు. వెల్డా తోట ఉన్న చర్చి స్థలంలో కంకర పోసి కార్లు పెట్టుకుందామని ఒక పెద్దాయన పట్టు, తోటే ఉండాలని ఇంకొకాయన పట్టు. డెల్బర్ట్ ఎటూ తేల్చలేదు. ఆగస్టులో ఓటు. కాబట్టి ఆ బండిలో వచ్చేది ఉత్త ఎరువు కాదు. ఆ సంగతి వెల్డాకీ తెలుసు, నాకూ తెలుసు.

అయినా అడిగాను. "అతని గుర్రాలు ఎవరి గడ్డి తింటాయి?"

"ఏటి పక్క పొలంది. ఎందుకు?"

"ఏటా జూన్‌లో చూస్తూనే ఉన్నాను. అంత పొలంలో ఒక్క ముళ్ళమొక్క లేదు. మన ఒహాయోలో దేవుడు అంత శుభ్రంగా పండించడు. ముళ్ళమొక్కలు చావడానికి కొట్టే మందొకటుంది. గడ్డికేం కాదు, గుర్రానికేం కాదు. కానీ గుర్రం కడుపులోంచి వచ్చాక కూడా మందు మందుగానే ఉంటుంది. ఏళ్ళు మాగినా లద్దెలో ఉండిపోవచ్చు. దాంట్లో టమాటా, చిక్కుడు పెడితే ముడుచుకుపోతాయి."

"సంచులు అమ్ముకోవడానికి ఇంత కథ కావాలా?"

"నా దగ్గరేం కొనకు. పెరుగు డబ్బాలు తీసుకో. సగం డబ్బాల్లో నీ మట్టి, సగం డబ్బాల్లో లద్దె కలిపిన మట్టి. అన్నింట్లోనూ చిక్కుడు గింజలు పెట్టు. నాలుగాకులు వచ్చేదాకా ఆగు."

"ఓటేసేవాడు ఇచ్చినదాన్ని డబ్బాల్లో పెట్టి పరీక్ష చెయ్యమంటావు."

"నేను చెప్పింది చిక్కుడు లెక్క. ఓటు లెక్క నీది."

తర్వాతి వారం డెల్బర్ట్ మేకులకని వచ్చాడు. మేకుల వైపు చూడలేదు.

"మా వదిన నా లద్దెని కంచె బయట పోయించింది. పరీక్షట. బడి పిల్లల్ని కుదురుగా కూర్చోబెట్టిన చెయ్యి కదా, ఇప్పుడు నా లద్దెని కూర్చోబెట్టింది. నువ్వే ఎక్కించావు."

"గడ్డి అమ్మినవాణ్ణి అడిగావా, ఏం కొట్టాడో?"

"చిన్నప్పటి నుంచి తెలిసినవాడు. అడిగితే అనుమానించినట్టు ఉండదూ?"

"ఉంటుంది."

అతను అడగలేదు. ఆమె మొహమాటం మింగి డబ్బాలు పెట్టింది. తేడా అంతే.

మే నెల సగమయ్యాక వెల్డా డబ్బాలన్నీ ఒక పెట్టెలో సర్దుకుని మా కొట్టుకొచ్చింది. మరిదిని కూడా రమ్మని చెప్పింది. తన ఇంటికి రాడని తెలుసు. ఉత్త మట్టిలోవి ఆకులు పరుచుకుని ఉన్నాయి. లద్దె కలిపినవి దొప్పల్లా ముడుచుకుని, చిగుళ్ళు మెలిపడి ఉన్నాయి.

డెల్బర్ట్ వంగి చూశాడు. "నీళ్ళు ఎక్కువ పోశావు, వదినా."

"అన్నింటికీ ఒకటే చెంబు."

అతను ఇంకో డబ్బా తిప్పి చూశాడు. "సరే, టమాటాలొద్దు. మొక్కజొన్న వెయ్యి. అదీ గడ్డిజాతే, దానికేం కాదు. ఎరువు దండగ కాదు, నేను తోలిందీ దండగ కాదు."

మంచి బేరం. నేనైతే అక్కడే ఒప్పేసుకునేవాణ్ణి.

"శనివారం పంచే బల్ల మీద 'మందుల్లేని కూరలు' అని నేనే రాసి పెట్టాను, డెల్బర్ట్."

"ఎవడడుగుతాడు?"

"ఎవడూ అడగడు. ఊరికే తీసుకునేవాళ్ళు ఏమీ అడగరు. అందుకే."

"మరి లద్దెనేం చెయ్యను?"

"నీ పచ్చికలో చల్లుకో. గడ్డికి మంచిదే కదా."

అతను టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. తోట ఆ రోజుతో పోయిందనే లెక్క వేసుకున్నాను.

వెల్డా శ్మశానంలో మేపుల్ చెట్ల కింద కుళ్ళిన ఆకులు బస్తాల్లో తెచ్చుకుంది. అది నెమ్మదైన ఎరువు. టమాటాలు ఆలస్యంగా కాశాయి, ఒక వరసలో కాయల అడుగులు నల్లబడ్డాయి. చిక్కుళ్ళు మాత్రం విరగకాశాయి. పొద్దున్నే దోకుడుపారతో కలుపు మొలకగా ఉండగానే కోసేసేది. శనివారం బల్ల మధ్యాహ్నానికల్లా ఖాళీ.

లద్దె కుప్ప కంచె పక్కనే ఉండిపోయింది. వానలు పడ్డాయి. చుట్టూ అన్ని రకాల కలుపూ లేచింది, కుప్ప మీద మాత్రం గడ్డి తప్ప ఒక్క ఆకు మొలవలేదు. చర్చికి వచ్చేపోయే దారి అదే. అందరూ చూశారు. డెల్బర్ట్ కూడా ప్రతి ఆదివారం చూశాడు. జూన్ ఆఖర్లో ఒక పొద్దున కుప్ప లేదు, ట్రాక్టరు చక్రాల జాడలున్నాయి.

ఓటు రోజున చర్చి కింది గదిలో కాఫీ పెట్టారు. కంకర కావాలన్నాయన, వానొస్తే కార్లు బురదలో దిగబడుతున్నాయన్నాడు. అబద్ధం కాదు. తోట కావాలన్నాయన శనివారం బల్ల గురించి చెప్పాడు. అదీ నిజమే. ఇద్దరూ డెల్బర్ట్ వైపు తిరిగారు.

"కంకర తోలాలంటే ట్రాక్టరు ఎవరిది?" అన్నాడు.

"నీదే."

"ఆ చోటుకి ఒకసారి తోలాను. ఒకసారి తిరిగి ఎత్తాను. మూడోసారి నా వల్ల కాదు. తోటే ఉండనివ్వండి."

కొందరు నవ్వారు. వెల్డా నవ్వలేదు. అతను చిక్కుడు డబ్బాలు చూసి ఓటేశాడో, లద్దె ఎత్తిన నడుం నొప్పికి ఓటేశాడో నేను చెప్పలేను. లెక్కలో రెండూ ఒకటే.

మెట్ల దగ్గర అతను ఆగాడు. "చిక్కుళ్ళు ఏమైనా మిగిలాయా, వదినా?"

"బల్ల మీదవి నీకు కాదు. కావాలంటే పొద్దున్నే వచ్చి కోసుకో."

"నేనే కొయ్యాలా?"

"మరి నేను కోసిస్తానా? లేతవి పీక్కుపోకు, బుట్టతో సహా కంచె బయట నిలబెడతాను."

"ఆరింటికి రానా?"

"అయిదున్నరకి రా. ఎండెక్కితే నేను ఉండను."