లక్ష్మీపతి పెట్టించిన వాలు

ధర్మవరంలో తెలివైనవాళ్ళకు కొదవ లేదు గానీ, తన తెలివిని తానే తిట్టుకుంటూ తిరిగేవాడు మాత్రం లక్ష్మీపతి ఒక్కడే. ఇంటి ముందు కాంక్రీటు వేయించిన కథ ఎవరైనా అడిగితే చెబుతాడు, అడక్కపోయినా చెబుతాడు. "నా బుర్ర ఉండాదే, దానికి దండేసి దండం పెట్టాలప్పా" అని మొదలుపెడతాడు. అదేదో వినయమనుకునేరు, కాదు. ఊరి కంటే ముందు తానే నవ్వేస్తే ఊరికి నవ్వడానికేమీ మిగలదని అతని లెక్క. ఆ లెక్కా తప్పే. ఊరు ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

మోకాళ్ళ నొప్పులతో మగ్గం దిగినాక లక్ష్మీపతి ఒక పాత కారు కొని పుట్టపర్తికీ, లేపాక్షికీ బాడుగకు తిప్పడం మొదలుపెట్టాడు. ఇంట్లో మగ్గం మాత్రం ఆగలేదు. భార్య మల్లీశ్వరి నేస్తూనే ఉంది. వాళ్ళది గుంతమగ్గం. ముందుగదిలో గడప దాటగానే నేలలో నడుము లోతు గుంత ఉంటుంది. అందులోకి కాళ్ళు దించుకుని కూర్చుని నేయాలి. నేసే చీర నేలకు జానెడెత్తులో ఒడిలోకి వస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా ఆమె నేసిన పట్టుచీరలన్నీ షావుకార్ల అంగళ్ళకే పోయాయి. ఒక్కటంటే ఒక్కటి తనవాళ్ళ ఒంటి మీద చూసుకోలేదు. ఈసారి చెల్లెలి కూతురు జ్యోతిలక్ష్మి పెళ్ళికని ఎర్ర అంచు పసుపు చీర మగ్గానికెక్కించింది. "పిల్ల ఈ చీరతోనే పీటల మీద కూచోవాల. అంతే" అంది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆమె అంత గట్టిగా దేన్నీ కోరింది లేదు.

ఇక కారు సంగతి. గేటు నుంచి గడప దాకా పదిహేనడుగుల మట్టి వాకిలి, అందులో ఎత్తుపల్లాలు. కారు లోపలికొస్తే మళ్ళీ బయటికి తోయడానికి నలుగురిని బతిమాలుకోవాలి. కాంక్రీటు వేయిద్దామని తిప్పయ్య మేస్త్రీని పిలిచాడు.

తిప్పయ్య వాకిలంతా ఒకసారి నడిచి చూశాడు. "గడప కాడ ఎత్తు పెట్టి, గేటు దిక్కుకు నాలుగు వేళ్ళు వాలు ఇద్దామన్నా. నీళ్ళు సక్కగా మోరీలోకి పోతాయి."

"ఏం నీళ్ళప్పా?"

"వాన నీళ్ళు."

లక్ష్మీపతి పడీపడీ నవ్వాడు. "వాన యాడుండాదప్పా ఈ జిల్లాలో? నువ్వేమన్నా చూసినావా? చూసుంటే నాకూ చూపిచ్చు."

అతని బాధ వేరు. కాంక్రీటు వేశాక గట్టిపడడానికి ఇరవై ఒక్క రోజులు తడపాలి, దాన్నే క్యూరింగ్ అంటారు. ట్యాంకరు రావాలంటే మూడు రోజులు కాచుకోవాలి. అట్లా తెప్పించుకున్న నీళ్ళు పోసినవి పోసినట్టు మోరీ పాలైతే ఏ అనంతపురం మనిషి ప్రాణం ఊరుకుంటుంది? లక్ష్మీపతికి ఆ క్షణంలో మెరుపులాంటి ఆలోచన వచ్చింది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ తన నెత్తిన తానే మొట్టికాయ వేసుకుంటాడు.

"వాలు లోపలికి పెట్టు తిప్పయ్యా. గేటు కాడ పోస్తే నీళ్ళు వచ్చి గడప కాడ నిలుస్తాయి. చెంబుతో ఎత్తి మళ్ళీ గేటు కాడ పోస్తా. ఒక బిందె నీళ్ళు పదిసార్లు! చుక్క బయటికి పోతే అడుగు."

"ఎవురన్నా వాలు ఇంట్లోకి పెట్టుకుంటారాన్నా?"

గుంతలోంచి మల్లీశ్వరి కేకేసింది. "మేస్త్రీ చెప్పేది ఇనరాదా? గడప ఇవతలే నా మగ్గం ఉండాది!"

"నువ్వు నేసుకోవే. సిమెంటు సంగతి నీకేం తెలుసు?" అన్నాడు లక్ష్మీపతి. ఈ ఒక్క మాట మాత్రం అతను ఊళ్ళో కథ చెప్పేటప్పుడు దాచేస్తాడు. మల్లీశ్వరి గుర్తు చేస్తుంది.

కాంక్రీటు పడింది. గడప ముందున్న పాత మెట్లు రెండూ అందులో కప్పబడిపోయి గడప ఒక్కటి నాలుగు వేళ్ళ ఎత్తున మిగిలింది. ఆ మర్నాటి నుంచి లక్ష్మీపతి కారు బాడుగలు మానేశాడు. గోనె పట్టలు పరిచాడు. చేతిలో కట్టె పట్టుకుని కోళ్ళనూ, మేకలనూ, చుట్టాలనూ తోలాడు. గేటు దగ్గర పోయడం, గడప దగ్గర ఎత్తడం, మళ్ళీ పోయడం. దారినపోయే వాళ్ళను ఆపి మరీ తన ఉపాయం వివరించాడు. "నేను బాలింతగా ఉన్నప్పుడు గూడా నాకిన్ని నీళ్ళు పోయలేదు ఈయప్ప" అని మల్లీశ్వరి అడ్డపోగు తోలే నాడె విసురుతూ నవ్వింది.

పందొమ్మిదో రోజు. పెళ్ళి ఇంకా నాలుగు రోజులుంది. చీర అంతా అయింది, కొంగు చివర జానెడు మిగిలింది. మధ్యాహ్నం మూడింటికి మబ్బు పట్టింది. ఊరు ఊరంతా వీధిలోకి వచ్చి ఆకాశం చూసింది. మొదటి చినుకులకు లక్ష్మీపతి కూడా చేతులు చాచి నిలబడ్డాడు. "క్యూరింగ్ దేవుడే చేస్తాండాడు!" అని అరిచాడు పాపం.

పది నిమిషాలకు అతని చేతులు కిందికి దిగాయి. వాకిట్లో పడిన ప్రతి చుక్కా, అతను నేర్పించినట్టే, బుద్ధిగా గడప దగ్గరికి నడిచి వస్తోంది. వీధిలో పొంగిన నీళ్ళు కూడా గేటు కింద దూరి వెనకే వస్తున్నాయి. గడప మునిగింది. నీళ్ళు ముందుగదిలోకి పాకి గుంతలోకి జారాయి.

"ఏమయ్యో!" అంది మల్లీశ్వరి.

గుంత నిండితే చీర తడుస్తుంది. తడిస్తే అంచు ఎరుపు పసుపులోకి దిగిపోతుంది. ఇక అది పెళ్ళికే కాదు, చావుకీ పనికిరాదు. లక్ష్మీపతి గడ్డపార తీసుకుని వాకిట్లోకి ఉరికాడు. నీళ్ళు బయటికి పోయేలా కాలువ కొడదామని దెబ్బ వేశాడు. ఠంగుమంది. గడ్డపార ఎగిరి వచ్చింది, కాంక్రీటు మీద గోటి గీతంత గాటు కూడా పడలేదు. ఇంకొకటి. ఠంగ్. పందొమ్మిది రోజులు చెంబుతో ముద్దుముద్దుగా తడిపి పెంచుకున్న కాంక్రీటు, ఇప్పుడు పగలనంటే పగలనంటోంది. లక్ష్మీపతికి ఏడుపొచ్చింది. ఇంత మంచి పని జన్మలో ఒక్కటే చేశాడు, అది ఇదే.

గోనె పట్టలు చుట్టి గడపకు అడ్డం పెట్టాడు. తేలిపోయాయి. మళ్ళీ పెట్టి, ఇక వేరే దారి లేక, వాటి మీద తానే అడ్డంగా పడుకున్నాడు. ఆరడుగుల మనిషి, పొట్ట కూడా ఉంది, గడప సరిగ్గా నిండింది. లోపలికి వచ్చే నీళ్ళు సన్నగిల్లాయి.

"చీర కోసెయ్యే! కోసి పైన పెట్టు!"

"కొంగు లేని చీర పెళ్ళికూతురికి కడతారా?" అంది మల్లీశ్వరి. తొడల దాకా నీళ్ళలో కూర్చుని ఉంది. ఒక చెంబుతో నీళ్ళు తోడి కిటికీలోంచి పక్క సందులోకి విసిరింది. చెంబు పక్కన పెట్టి నాడె అందుకుంది. "జానెడుండాది. నేసేస్తా. నువ్వు కదిలినావో, చంపుతా."

లక్ష్మీపతి కదల్లేదు. లేపాక్షి నంది కూడా అంత నిలకడగా ఉండదు. వీపు మీద నీళ్ళు కొడుతున్నాయి, చెవిలోకి పోతున్నాయి. గేటు దగ్గర చేరిన జనం వానలో తడుస్తూ నవ్వుతున్నారు. "ఏమప్పా, ఒక బిందె పదిసార్లంటివే, ఇప్పుడెన్నిసార్లు?" అని ఎవరో అడిగారు. నవ్వనీ అనుకున్నాడు. అతనికి వినబడేదల్లా లోపల నాడె చప్పుడే. నాలుగు పోగులు, ఒక చెంబు. నాలుగు పోగులు, ఒక చెంబు. చప్పుడు ఆగినప్పుడల్లా గుండె ఆగేది. ఇరవై ఆరేళ్ళలో ఆమె నేసే చప్పుడు ఇంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదని అప్పుడు తట్టింది, సిగ్గేసింది.

గంటన్నరకు చప్పుడు పూర్తిగా ఆగింది. కత్తెర కోసిన సద్దు వినిపించింది. మల్లీశ్వరి చీరను తల మీదికెత్తుకుని నీళ్ళలోంచి లేచి అటక మీద పెట్టింది. ఆ తర్వాత వచ్చి మొగుడి పక్కన గడప మీద కూలబడి, ఏడ్చిందో నవ్విందో తెలియకుండా భుజం మీద ఒక్కటి చరిచింది. "లెయ్యి. చాల్లే."

పెళ్ళికూతురు ఆ చీరతోనే పీటల మీద కూర్చుంది.

పెళ్ళయిన వారానికి కాంక్రీటు పగలగొట్టడానికి తిప్పయ్య వచ్చాడు. రెండు రోజులు పట్టింది. "ఇంత గట్టి కాంక్రీటు నా సర్వీసులో చూళ్ళేదన్నా. బలే తడిపినావు" అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు లక్ష్మీపతికి చెంపదెబ్బలా తగిలింది. కొత్తది వేయబోతూ తిప్పయ్య అడిగాడు, "వాలు ఈసారి యాడికన్నా?"

లక్ష్మీపతి దగ్గర దానికి మూడు ఉపాయాలు సిద్ధంగా ఉన్నాయి. మూడూ మింగేశాడు. "ఆయమ్మని అడుగు" అన్నాడు.

మల్లీశ్వరి గేటు దిక్కుకు వేలు చూపించింది. పని ముగిసి కాంక్రీటు గట్టిపడినాక, ఇంట్లోంచి నిండు బిందె తెచ్చి గడప దగ్గర కుమ్మరించి నిలబడింది. పొద్దున్నే ట్యాంకరు దగ్గర తోసుకుని పట్టిన నీళ్ళు. అవి గేటు దాకా సాగిపోయి, ఒక్క చుక్క మిగలకుండా మోరీలో పడ్డాయి. లక్ష్మీపతి నోరు తెరిచాడు. భార్య తనవైపే చూస్తోందని గమనించి మూసుకున్నాడు.